నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన పని: గర్భం వచ్చే వీలున్న ఆడవాళ్లు కల్లు, సారా తగ్గించుకునే పద్ధతి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆశా దీదీలు, అంగన్‌వాడీ అక్కలు, పొదుపు సంఘాలు నడిపేవాళ్లు పదేపదే అడిగేది ఒకటే: "తాగొద్దని చెప్తూనే ఉన్నాం, వినడం లేదు. ఎలా చెప్పాలి?" కొందరు ఆడవాళ్లు తమ గురించే అడుగుతారు, కాకపోతే "మా పక్కింటామె ఉంది కదా..." అని మొదలుపెడతారు. ఇద్దరికీ పనికొచ్చేలా, చెయ్యాల్సిన వరుసలోనే రాశాను.

మన దగ్గర జాగ్రత్తలన్నీ గర్భిణి కార్డు రాశాకే మొదలవుతాయి. అసలు చిక్కు అదే. నెల తప్పిన రోజుకే గర్భం నిలిచి దాదాపు రెండు వారాలు అయిపోతుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. గుండె, కళ్లు, ముఖం రూపు కట్టేదీ మొదటి ఎనిమిది వారాల్లోనే. తల్లి తాగింది మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. గర్భంలో "ఇంతవరకు ఫర్వాలేదు" అనే కొలత వైద్యంలో లేదు. జీలుగు కల్లయినా, ఇంట్లో పులియబెట్టే లందా అయినా, ఇప్పసారా అయినా, షాపులో కొన్న బీరయినా అంతే.

అందుకని పని రెండు వైపుల నుంచి జరగాలి. ఒకటి, తాగుడు తగ్గించడం. రెండు, అది తగ్గేదాకా గర్భం రాకుండా చూసుకోవడం. అమెరికాలో ఛాయిసెస్ అనే కార్యక్రమాన్ని 830 మంది ఆడవాళ్లతో ఇలాగే పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు విడతలు కూర్చుని మాట్లాడడం, ఒకసారి కుటుంబ నియంత్రణ కోసం ఆస్పత్రికి వెళ్లడం, అంతే. కాగితాలు చేతిలో పెట్టి పంపిన వాళ్లకంటే, ఇలా మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది తొమ్మిది నెలల తర్వాత కూడా, తాగుతూ గర్భం తెచ్చుకునే ప్రమాదం లేకుండా ఉన్నారు. మన ఊళ్లకు ఆ పద్ధతి అచ్చంగా కుదరదు, కానీ ఆ రెండు వైపుల ఆలోచన బాగా కుదురుతుంది.

1. ఇది ఎవరికి అవసరమో ముందు తేల్చుకోండి

ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ఎవరికీ పట్టదు. ఈ నాలుగూ ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి:

- వయసు 15 నుంచి 49 మధ్య, నెలసరి వస్తోంది
- మగమనిషితో కాపురం లేదా సంబంధం ఉంది
- నమ్మకమైన కుటుంబ నియంత్రణ ఏదీ వాడడం లేదు, లేదా మధ్యమధ్యలో మానేస్తోంది
- కల్లు, సారా, బీరు ఏదైనా తాగుతోంది, పండక్కి మాత్రమే అయినా సరే

ఆపరేషన్ అయిన ఆమె తాగితే ఆమె ఆరోగ్యానికి చేటు, అది వేరే పని. పెళ్లయి ఏడాది కాని కొత్త కోడళ్లు, బిడ్డకు పాలు తగ్గించి ఇంకా నెలసరి సరిగ్గా కుదరని తల్లులు, ఈ ఇద్దరినీ మనం తరచుగా వదిలేస్తాం. వాళ్లే ముందుండాలి. చర్చికి వెళ్లే సవర ఇళ్లలో "మేం తాగం" అనే మాట ముందు వస్తుంది. చాలామంది విషయంలో అది నిజమే. కానీ తాగే ఒకరిద్దరు అక్కడ ఇంకా గట్టిగా దాచుకుంటారు, కాబట్టి ఆ ఇళ్లను లెక్కలోంచి తీసెయ్యకండి.

2. వెళ్లే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఖాళీ లీటరు నీళ్ల సీసా, దానిమీద పావు, అర, ముప్పావు లీటరు దగ్గర గీతలు
- పది చింతపిక్కలు (ఎందుకో కింద చెప్తాను)
- నిరోధ్ (కండోమ్), గర్భం రాకుండా వేసుకునే మాలా-ఎన్, ఛాయా మాత్రలు, అత్యవసర మాత్ర, ఒక్కొక్కటి చూపించడానికి
- నిశ్చయ్ గర్భ పరీక్ష కిట్
- గర్భం రాకుండా వేసే అంతరా ఇంజెక్షన్, గర్భసంచిలో పెట్టే కాపర్-టీ ఏ సెంటర్‌లో, ఏ రోజు ఇస్తారో ఏఎన్ఎం దగ్గర ముందే కనుక్కున్న సమాచారం
- గోడకు తగిలించే క్యాలెండర్, పెన్ను
- ఫోన్ నంబర్లు: 14416 టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 181 మహిళా హెల్ప్‌లైన్, 108

భాష సంగతి కూడా. ఇంట్లో కువి, సవర మాట్లాడే ఆమెతో తెలుగులోనో ఒడియాలోనో మొదలుపెడితే "ఊ, ఊ" అని తలూపుతుంది తప్ప మనసులో మాట బయటికి రాదు. ఆ భాష వచ్చిన మనిషిని తోడు తీసుకెళ్లండి. ఆమె చుట్టాన్ని మాత్రం వద్దు.

చోటు, వేళ: అత్తగారు, భర్త ఎదురుగా వద్దు. సంత రోజు సాయంత్రం వద్దు. ఆమె తాగి ఉన్నప్పుడు అసలే వద్దు. బోరు దగ్గర జనం తగ్గాక, కట్టెలకు వెళ్లే దారిలో, మమతా దివస్ (ఊళ్లో తల్లీపిల్లల ఆరోగ్య దినం) అయ్యాక అంగన్‌వాడీ వెనకగదిలో, ఇలా పావుగంట దొరికితే చాలు. సంఘం రిజిస్టర్‌లో "ఫలానా ఆమె తాగుతుంది" అని ఎక్కడా రాయకండి. ఆ ఒక్క లైను బయటపడితే ఇక ఆ వాడలో ఎవరూ మీకు నిజం చెప్పరు.

3. మాన్పించే మాట కంటే ముందు అడగాల్సిన రెండు ప్రశ్నలు

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

"పొద్దున్న లేవగానే చేతులు వణుకుతాయా? ఆ వణుకు తగ్గాలంటే కొంచెం తాగాల్సి వస్తోందా?" అని అడగండి. "ఎప్పుడైనా రెండు రోజులు తాగకపోతే ఫిట్స్ గానీ, లేనివి కనిపించడం గానీ జరిగిందా?" అని కూడా అడగండి. ఒక్కదానికి అవునన్నా ఆమెను ఇంటి దగ్గర ఒక్కసారిగా మాన్పించొద్దు. రోజూ ఎక్కువ తాగే మనిషి హఠాత్తుగా ఆపితే, ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మనిషి మతి తప్పి, ఎవరినీ గుర్తుపట్టని స్థితికి వెళ్లొచ్చు. దాన్ని మన దగ్గర "గాలి సోకింది" అని గురువు దగ్గరికి తీసుకెళ్లి విలువైన గంటలు పోగొడతారు.

ఇలాంటి ఆమెకు చెయ్యాల్సినవి:

- డాక్టరుకు చూపించేదాకా రోజూ తాగేదాన్ని అమాంతం ఆపమని చెప్పకండి
- బ్లాక్ ఆస్పత్రి నుంచి జిల్లా ఆస్పత్రికి రాయించండి. కొరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, బరంపురంలో ఎంకేసీజీ ఉన్నాయి. రైలుకు దగ్గరున్నవాళ్లు విశాఖపట్నం మానసిక ఆస్పత్రికీ వెళ్తారు
- వెళ్లేటప్పుడు రోజుకు ఎంత తాగుతోందో, చివరిసారి ఏ టైముకు తాగిందో చీటీ మీద రాసివ్వండి
- బి1 విటమిన్ సంగతి అక్కడ డాక్టరుకు గుర్తుచెయ్యండి. తిండి సరిగా లేక తాగే మనిషికి అది ముందు పడాలి
- ఫిట్స్ వస్తే, మాట తడబడి మతి తప్పితే 108

గర్భంతో ఉండి ఇలా అలవాటు పడిన ఆమెను ఆస్పత్రిలో పెట్టే మాన్పించాలి. ఇంటి దగ్గర ప్రయోగాలు వద్దు.

4. ఎంత తాగుతోందో కొలవడం

"ఎంత తాగుతావు?" అని అడిగితే "కొంచెమే" అంటారు. అది అబద్ధం కాదు, ఆమెకు కొలత లేదు. చూపుల లెక్కలు వదిలేసి ఆమె వంటింట్లో గిన్నెతోనే కొలవండి.

ఆమె తాగే లోటానో, ఆనపబుర్రనో తెమ్మనండి. అందులో నీళ్లు పోయమనండి, ఆమె చేత్తోనే, మామూలుగా కల్లు ఎంతవరకు పోసుకుంటుందో అంతవరకు. ఆ నీళ్లను మీరు గీతలు గీసిన సీసాలోకి వంచండి. "ఇలాంటివి సంత రోజు ఎన్ని?" అనండి. ఆమె వేళ్లు మడుస్తూ లెక్కపెడుతుంది. మూడో వేలు దగ్గర ఆగి సీసా వైపు చూస్తుంది. అప్పుడు మీరేం మాట్లాడకండి, ఆ లెక్క ఆమెదే.

తర్వాత మూడు ప్రశ్నలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే ప్రశ్నల పట్టీలో మొదటి మూడూ ఇవే: ఎన్ని రోజులకోసారి తాగుతావు? తాగిన రోజు ఎంత? ఒకే కూర్చోవడంలో ఆరు కొలతలు గానీ, అంతకు మించి గానీ తాగేది ఎంత తరచుగా?

ఒక కొలత అంటే 10 గ్రాముల ఆల్కహాల్ అనుకోండి. లెక్క ఇలా వస్తుంది:

- 42.8 శాతం ఉండే విస్కీ, రమ్ము 30 మి.లీ.: ఒక కొలత. క్వార్టర్ సీసా 180 మి.లీ. అంటే ఆరు
- 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా: నాలుగు
- కల్లు 4 శాతం అనుకుంటే లీటరుకు మూడు
- ఇప్పసారా 25 శాతం అనుకుంటే 200 మి.లీ. గ్లాసుకు నాలుగు

కల్లుకి, సారాకి "అనుకుంటే" అని ఎందుకు రాశానంటే వాటి ఘాటు ఇంటింటికీ, పూటపూటకీ మారుతుంది. పొద్దున్న తియ్యగా దించిన జీలుగు కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి తలకెక్కుతుంది. "పొద్దుటి కల్లు పిల్లలకైనా పెట్టొచ్చు" అనే మాట వింటూ ఉంటాం. చెట్టు మీద కుండలోనే పులవడం మొదలవుతుంది కాబట్టి గర్భం వచ్చే వీలున్న ఆమెకు ఆ భరోసా ఇవ్వకండి.

5. మాట ఎలా నడపాలి

ఇక్కడ ఓపిక కావాలి. నాలుగైదు సార్లు కలవాల్సి వస్తుందనే లెక్కతోనే వెళ్లండి. మొదటి రోజే ఒట్టు వేయించుకోవాలని చూస్తే ఆమె ఒట్టు వేస్తుంది, మీరు వాకిలి దాటాక మళ్లీ మామూలే.

మొదట అనుమతి అడగండి: "వదినా, నీ ఒంటి సంగతి ఓ మాట అడగనా? చెప్పాలనిపించకపోతే మానెయ్." తర్వాత తాగడం వల్ల ఆమెకు ఏం దొరుకుతోందో అడగండి. నవ్వకండి, వాదించకండి. నాట్లు వేసి వస్తే నడుం నొప్పి తెలీదంటుంది. నిద్ర పడుతుందంటుంది. ఆయన తాగుతూ పొయ్యమంటాడంటుంది. ఆకలి తెలీదంటుంది. ఈ జవాబే తర్వాత ప్లాన్ రాయడానికి మీకు దారి చూపిస్తుంది. ఆకలికి తాగే ఆమెకు, గొడవ భయంతో తాగే ఆమెకు ఒకే సలహా పనికిరాదు.

ఎక్కువగా వచ్చే ఎదురుమాట ఇది:

"మా అత్త కల్లు తాగే నలుగుర్ని కంది. ఏటయింది?"

"బిడ్డ అవిటివాడు పుడతాడు, చూస్కో" అని భయపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ఇలా అనండి:

"అవును వదినా, మీ అత్త పిల్లలు నలుగురూ బాగానే ఉన్నారు. అందరికీ అవ్వదు. ఎవరికవుద్దో ముందు చెప్పలేరు, అదీ ఇబ్బంది. చదువు ఎక్కకపోవడం, చెప్పింది గుర్తుండకపోవడం, ఊరికే కోపం రావడం లాంటివి బడికెళ్లే వయసుదాకా తెలీవు. సరే గానీ, నీకిప్పుడు బిడ్డ కావాలనుందా, ఇంకొన్నాళ్లు ఆగాలనుందా?"

ఆ చివరి ప్రశ్న ముఖ్యం. ఆమె జవాబును బట్టి మీరు 6లోకి వెళ్తారు.

ఇప్పుడు చింతపిక్కలు. పదీ ఆమె ముందు పోసి, "తాగడం తగ్గించుకోవడం నీకెంత ముఖ్యం అనిపిస్తే అన్ని పిక్కలు నీవైపు లాక్కో" అనండి. నాలుగు లాక్కుందనుకోండి. "నాలుగేనా?" అనకండి. "నాలుగు లాక్కున్నావు, ఒకటో రెండో ఎందుకు లాక్కోలేదు?" అని అడగండి. అప్పుడు ఆమే కారణాలు చెప్తుంది: డబ్బులు, చిన్నదాని బరువు, మొన్న జారిపడ్డం. మనం చెప్పిన పది కారణాల కంటే ఆమె నోటి నుంచి వచ్చిన ఒక్కటి ఎక్కువ రోజులు నిలుస్తుంది. మళ్లీ పిక్కలు కలిపేసి, "చెయ్యగలనన్న నమ్మకం ఎంత?" అని అడగండి. ముఖ్యం ఎక్కువ, నమ్మకం తక్కువ వస్తే ఆమెకు ఇంకో ఉపదేశం అక్కర్లేదు, ప్లాన్ కావాలి.

6. ఏ దారి పట్టాలో ఆమె ఎంచుకోవాలి

- ఇప్పుడే బిడ్డ కావాలి: తాగడం పూర్తిగా ఆపాకే కుటుంబ నియంత్రణ ఆపాలి. దాంతోపాటు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర, గర్భం రాకముందు నుంచే. ఏఎన్ఎంని అడగండి
- కొన్నాళ్లు ఆగాలి: ముందు కుటుంబ నియంత్రణ, దాని నీడలో తాగుడు తగ్గించడం
- ఏమీ తేల్చుకోలేకపోతోంది: నిరోధ్ చేతికిచ్చి రండి, వచ్చే వారం మళ్లీ కూర్చోండి

నా అనుభవంలో రెండో దారి పట్టినవాళ్లకే తాగుడు తగ్గించడం తేలికైంది. గర్భం వస్తుందేమోనన్న టెన్షన్ పోతే తల కొంచెం తేరుకుంటుంది. కొందరు పెద్దలు "ముందు మానిపించండి, మాత్రలు తర్వాత" అంటారు. ఆ వరుసతో నేను ఒప్పుకోను. ఆమె మానే లోపు నెలలు గడుస్తాయి, గర్భం ఆగదు.

7. కుటుంబ నియంత్రణ: తాగే ఆమెకు ఏది కుదురుతుంది

రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతి, తాగే మనిషికి జారిపోతుంది. అది దృష్టిలో పెట్టుకుని చూడండి.

అంతరా ఇంజెక్షన్. మూడు నెలలకోసారి. నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు వేయించుకుంటే వెంటనే పనిచేస్తుంది. నెలసరి అటూఇటూ అవుతుందని ముందే చెప్పండి, లేకపోతే రెండో డోసుకు రారు. చివరి ఇంజెక్షన్ తర్వాత మళ్లీ గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. అందుకని కొద్ది నెలల్లో బిడ్డ కావాలనుకునే ఆమెకు ఇది సరిపడదు.

కాపర్-టీ. ఐదేళ్లది, పదేళ్లది ఉంటాయి. గుర్తుపెట్టుకోవాల్సిన బాధ లేదు, తీయించుకోగానే గర్భం రావచ్చు. ఇటుక బట్టీలకు, చెరకు పనులకు వలస వెళ్లే వాళ్లకు ఇదే మేలంటాను.

ఛాయా. మొదటి మాత్ర నెలసరి మొదటి రోజు. మూడు నెలలపాటు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మాత్ర వేసుకునే రోజును సంత రోజుకు ముడిపెట్టకండి, ఆ రోజే మర్చిపోతారు.

మాలా-ఎన్. రోజూ వేసుకోవాలి. వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి, ఎక్కువ తాగిన రాత్రి సరిగ్గా అదే జరుగుతుంది. 35 దాటి చుట్ట తాగే ఆమెకు, బీపీ ఉన్న ఆమెకు, ఆరు నెలల్లోపు బిడ్డకు పాలిచ్చే ఆమెకు ఇది వద్దు.

నిరోధ్. భర్త ఒప్పుకోవాలి, ఆయనా తాగి ఉంటాడు. తోడుగా ఉంచండి, దీని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

అత్యవసర మాత్ర. జాగ్రత్త లేకుండా కలిసిన 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. నెలనెలా వాడే పద్ధతి కాదు.

టీబీ మందులు, మూర్ఛ మందులు వాడుతున్నా, సికిల్ సెల్ ఉన్నా ఏఎన్ఎంకి ముందే చెప్పాలి. ఏ పద్ధతైనా ఆమె ఒప్పుకుంటేనే. రేషన్‌కో, సంఘం అప్పుకో లింకు పెట్టి ఒప్పించడం తప్పు.

8. తగ్గించే ప్లాన్: రోజు కాదు, సందర్భం పట్టుకోండి

"ఇవాళ్టి నుంచి మానెయ్" అనేది ప్లాన్ కాదు. ఏ రోజు, ఎవరితో, ఏ వేళ తాగుతోందో క్యాలెండర్ మీద చుక్కలు పెట్టించండి. రెండు వారాలు చాలు. చదువు రాకపోయినా చుక్క పెట్టొచ్చు, ఒక గిన్నెకు ఒక చుక్క. ఎందుకని ఎవరైనా అడిగితే పాల లెక్క అని చెప్పుకోవచ్చు. చుక్కలు గుంపుగా ఎక్కడ పడ్డాయో అక్కడ పని మొదలవుతుంది.

సంత రోజు. చాటికోన బుధవారం సంతలాంటి చోట సరుకు అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది, ఎండలో నడిచి వచ్చిన దాహం ఉంటుంది, తెలిసినవాళ్లు పిలుస్తారు. ఇంటి నుంచే సీసాలో చోడి అంబలి పట్టుకెళ్లి, సారా వరసకు చేరేముందే తాగెయ్యాలి. ఉప్పు, నూనె ముందు కొని డబ్బు ఖర్చుచేసుకోవాలి. తాగని ఒక స్నేహితురాలితో కలిసి తిరిగి రావాలి.

నాట్లు, కోతలు. నొప్పికి తాగే ఆమెకు నొప్పికి పరిష్కారం చూపాలి. వేన్నీళ్ల స్నానం, ఏఎన్ఎం ఇచ్చే నొప్పి మాత్ర, పడుకునే ముందు కడుపునిండా తిండి. తాగి ఉన్నప్పుడు పారాసిటమాల్ మీద పారాసిటమాల్ వేసుకోవద్దని చెప్పండి, కాలేయానికి దెబ్బ.

పండగలు. చైత్ర పండగకి, పుష్య పున్నమికి, పెళ్లి మాటలకి కల్లు లేకుండా కుదరదు. అది మర్యాద, దేవత పేరు మీద పోసేది. దాన్ని మార్చడానికి మనం రాలేదు. ఇంట్లో పెద్దామెను ముందే అడిగితే, నేల మీద ధార పోసి, పెదవికి తాకించి, గిన్నె పక్కవాళ్లకి అందించడానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు. ముందే అడగడం ముఖ్యం. పండగ మధ్యలో కాదంటే గొడవ.

ఇంట్లో భర్తతో. "ఒంట్లో బాలేదు, దీదీ మాత్రలిచ్చింది, కల్లు వద్దంది" అనే మాట బాగా పనిచేస్తుంది. ఆ నింద మీ మీద వేసుకోండి, ఫర్వాలేదు. కొట్టి తాగించే ఇల్లయితే ప్లాన్ ముందు ఆమె భద్రత. 181 నంబరు, రాత్రికి వెళ్లగలిగే ఒక ఇల్లు, ఈ రెండూ ముందు చూడండి. అలాంటి ఇంట్లో భర్తతో మీరు మాట్లాడితే మీరు వెళ్లాక దెబ్బలు ఆమెకే పడతాయి.

ఇంట్లోనే కాచే ఆమె. సారా కాచి అమ్మేదే బతుకైతే, రుచి చూడ్డం కూడా తాగడమే. ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించగలరా చూడండి. కుదరకపోతే కుటుంబ నియంత్రణ వైపు గట్టిగా నిలబడండి, అక్కడే ఫలితం ఉంటుంది.

ప్లాన్‌లో ఒక వారానికి ఒకే మార్పు పెట్టుకోవాలి. సంత రోజు మూడు గిన్నెలు ఒకటికి వచ్చాక రెండో సందర్భం. అయితే బిడ్డ కోసం చూస్తున్న ఆమెకు ఈ నిదానం కుదరదు. ఆమె గమ్యం సున్నా, అప్పటిదాకా కుటుంబ నియంత్రణ కొనసాగాలి.

9. మళ్లీ తాగినప్పుడు

తాగుతుంది. దానికి మీరు ముందే సిద్ధపడాలి, ఆమెకూ ముందే చెప్పాలి: "మళ్లీ తాగితే నన్ను తప్పించుకు తిరక్కు, నాకే ముందు చెప్పు." లేకపోతే ఆమె మిమ్మల్ని చూసి సందు మారిపోతుంది, అక్కడితో పని ఆగిపోతుంది.

చెప్పినప్పుడు మూడే అడగండి. ఆ రోజు ఏం జరిగింది? ఎన్ని గిన్నెలు? ఆ వారం కుటుంబ నియంత్రణ తప్పిందా? మూడోదానికి అవునంటే, 72 గంటలు దాటకపోతే, ముందు అత్యవసర మాత్ర. మిగతా మాటలు తర్వాత.

కలిసే వరుస ఇలా పెట్టుకుంటే చాలు: మొదటి నెల వారం వారం, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన అంతరా డోసు రోజునో మమతా దివస్‌నాడో.

10. నెల తప్పితే

నెలసరి రావాల్సిన రోజు దాటగానే పొద్దుటి మొదటి మూత్రంతో నిశ్చయ్ కిట్. గీత ఒకటే వచ్చి గర్భం లేదని చూపించినా, నెలసరి రాకపోతే వారం తర్వాత మళ్లీ. ఈ మధ్య రోజుల్లో తాగొద్దు, ఫలితం తేలేదాకా ఆగాలి.

గర్భమని తేలాక ఆమె అడిగే మొదటి మాట, "మొన్నదాకా తాగాను, బిడ్డ పోయినట్టేనా?" అని. అలా కాదని చెప్పండి. తాగినంత మాత్రాన ప్రతి బిడ్డకూ దెబ్బ తగలదు. ఇవాళ ఆపితే ఇవాళ్టి నుంచి లాభమే, ఏ నెలలో ఆపినా ఆలస్యం అయిపోయిందని కాదు. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. తాగానన్న ఒక్క భయంతో గర్భం తీయించుకోవడానికి పరుగెత్తొద్దని, నాటు మందులు మింగొద్దని గట్టిగా చెప్పండి. ఎప్పుడు, ఎంత తాగిందో డాక్టరుకు చెప్పమనండి. రోజూ తాగే మనిషైతే 3లో చెప్పినట్టు ఆస్పత్రిలోనే ఆపాలి.

కాన్పయ్యాక కూడా జాగ్రత్త ఉంది. తాగినది పాలలోకి వస్తుంది. ఒక కొలత పాలలోంచి పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పాలు పిండి పారబోస్తే తొందరగా పోదు. తాగిన రాత్రి బిడ్డను పక్కలో వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. ఒళ్లు తెలియని నిద్రలో బిడ్డకు ఊపిరాడదు.

11. తరచుగా జరిగే తప్పులు, వాటిని సరిదిద్దడం

సంఘం మీటింగులో పేరు పెట్టి నిలదీయడం. సారా కుండలు పగలగొట్టే ఊపులో ఇది జరుగుతుంది. ఆమె ఆ రోజు ఏడుస్తుంది, తర్వాత అడవి దారిలో తాగుతుంది. సరిదిద్దాలంటే ఒంటరిగా కలిసి, అలా జరిగినందుకు మీ తరఫున ఒక మాట చెప్పి, మళ్లీ 5 నుంచి మొదలుపెట్టండి.

"సారా మానెయ్, కల్లు తాగు" అనడం. ఘాటు తక్కువైనా ఎక్కువ తాగితే లెక్క అక్కడికే వస్తుంది. సీసాతో కొలిచి చూపించండి.

కూరలో కలిపే మందు పొడి. సంతల్లో, ఫోన్‌లో ప్రకటనలు చూసి కొందరు అత్తలు కోడలికి తెలియకుండా కలుపుతారు. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ లాంటి మందు తెలియకుండా పెడితే, ఆమె తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. గర్భంలో అసలు వాడకూడదు. అలాంటిది ఇంట్లో ఉంటే పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఏముందో వాళ్లు చూస్తారు.

మగవాళ్లను పూర్తిగా వదిలేయడం. గొడవ లేని ఇంట్లో, ఆమె ఒప్పుకుంటే, భర్తతో ఒకసారి మాట్లాడండి. అడగాల్సింది చిన్నది: "ఇంట్లో ఆమె ఎదురుగా పోసుకోకు, ఆమెకు పొయ్యకు." మీరు కూడా మానెయ్యండి అనే మాట అదే రోజు కలిపితే రెండూ పోతాయి.

వలస వెళ్లగానే వదిలేయడం. బట్టీ ముఠామేస్త్రి అడ్వాన్స్ ఇచ్చేది నాట్లు అయ్యాకే, అప్పుడే ఆరా తియ్యండి. బండి ఎక్కేముందు అంతరా డోసు తేదీ చూడండి. అక్కడ ఉన్నప్పుడు డోసు పడేలా ఉంటే కాపర్-టీ గురించి మాట్లాడండి, లేదా అంతరా కార్డు ఫొటో ఆమె ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. 14416కి ఏ రాష్ట్రం నుంచైనా చెయ్యొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబరు పలకలేని ఆమె ఫోన్‌లో దాన్ని మీ పేరు పక్కనే సేవ్ చేసి, ఒకసారి ఆమె చేతే నొక్కించి చూపించండి.